ఉచితంగా దొరికే ఫొటోలు, వాటిలోని ముఖాలు

ఎండాకాలం సెలవులు ఇస్తే చాలు, మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరి చర్చి ముందు చూసినా వి.బి.ఎస్. ఫ్లెక్సీ కనిపిస్తుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, కొవ్వూరు, రాజమండ్రి... సంఘాలు వేరైనా ఫ్లెక్సీలు మాత్రం ఒకేలా ఉంటాయి. పైన సంఘం పేరు, ఒక మూల పాస్టరుగారి ఫొటో, మధ్యలో నవ్వుతున్న పిల్లలు. ఆ పిల్లలు మాత్రం మన పిల్లలు కారు. బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు, చేతిలో పుచ్చకాయ ముక్కలు. ఆమధ్య నేను చూసిన ఒక ఫ్లెక్సీ మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసుప్రభువు బొమ్మ ఉంది. ప్రభువు ఛాతీ మీద అడ్డంగా, సన్నని తెల్లని అక్షరాలతో, ఫొటోలు అమ్మే ఒక విదేశీ కంపెనీ పేరు కూడా అచ్చయింది. డబ్బు కట్టనివారు వాడుకోకుండా ఆ కంపెనీ వేసుకున్న గుర్తది. ఫ్లెక్సీ వేసిన కుర్రాడు గమనించలేదు, కట్టించిన పెద్దలూ గమనించలేదు. ఆ ఏడాది పిల్లలకు నేర్పుతున్న పాఠం పేరు కింద పెద్ద అక్షరాలతో ఉంది. పది ఆజ్ఞలు! ఎనిమిదో ఆజ్ఞ దగ్గరకు వచ్చినప్పుడు ఆ టీచరుగారు ఏం చెప్పారో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఎవరినో తప్పుపట్టాలని ఈ మాట చెప్పడం లేదు. సండే స్కూలు టీచర్ల కష్టం నాకు తెలుసు. వారమంతా ఉద్యోగమో, మిషను కుట్టో, రొయ్యల షెడ్డులో పనో చేసుకుని, శనివారం రాత్రి పది గంటలకు వంటిల్లు సర్దుకున్నాక ఆ అమ్మాయి రేపటి పాఠం కోసం ఫోన్ పట్టుకుంటుంది. గూగుల్‌లో 'మంచి కాపరి' అని కొడుతుంది. ముందు వచ్చిన బొమ్మను దించుకుంటుంది. ఇందులో దురుద్దేశం ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో కనిపించేదంతా దారిలో పడి ఉన్న గులకరాయి లాంటిదని ఆమె అనుకుంటుంది. ఆమెకు వేరేగా చెప్పినవారు లేరు. చెప్పవలసిన మనం మన ప్రసంగాల తయారీలో అదే పని చేస్తున్నాం.

నా చిన్నతనంలో బొమ్మల కరువు ఉండేది. మా సండే స్కూలు తాటాకు పాకలో జరిగేది. గోడకు మేకు కొట్టి చుట్టలుగా ఉండే పెద్ద పటాలు వేలాడదీసేవారు. మిషనరీల కాలంలో వచ్చినవవి. అమెరికా సంఘాలు తమ సండే స్కూళ్లలో వాడేసిన పటాలను, పాత క్రిస్మస్ కార్డులను మిషను దేశాలకు పంపడం అప్పట్లో మామూలే. మంచుకొండల మధ్య రెయిన్‌డీరు బండి ఉన్న క్రిస్మస్ కార్డు కంఠత వాక్యానికి బహుమతిగా వస్తే, దాన్ని పదేళ్లు ట్రంకుపెట్టెలో దాచుకున్నవాళ్లు మనలో ఉన్నారు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు మన తీరానికి వచ్చి నరసాపురంలో సేవ ఆరంభించినప్పటి నుండి, తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టులు పని మొదలుపెట్టిన రోజుల నుండి సువార్త మనకు మన భాషలోనే అందింది. బొమ్మలు మాత్రం ఓడ ఎక్కి వచ్చాయి. వాటిలోని ప్రభువు ముఖం ఐరోపావారి ముఖం. అమెరికాలో వార్నర్ సాల్మన్ 1940లో వేసిన 'హెడ్ ఆఫ్ క్రైస్ట్' చిత్రం కోట్లాది ప్రతులు అచ్చయి, మన ఇళ్లలో క్యాలెండరు మీద కూడా వచ్చి కూర్చుంది. ఇప్పటికీ మన పిల్లలను యేసయ్య బొమ్మ వేయమంటే ఆ ముఖమే వేస్తారు.

ఇప్పుడు కరువు పోయి వరద వచ్చింది. వరదలో కొట్టుకొచ్చేవన్నీ ఇంట్లోకి తెచ్చుకోకూడదని లంకల్లో ఉండేవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ముందుగా మంచి మాట. సంఘాల కోసం నిజంగా, న్యాయంగా, ఉచితంగా ఇస్తున్నవారున్నారు. ఫ్రీ బైబిల్ ఇమేజెస్ అనే బ్రిటన్ ధర్మసంస్థ బైబిలు కథలను వరుస చిత్రాలుగా ఉచితంగా అందిస్తోంది. వాటిలో గీసిన బొమ్మలున్నాయి, వేషధారణతో నటులు నటించగా తీసిన ఫొటోలూ ఉన్నాయి. ఒక్కొక్క కథను ప్రొజెక్టరు మీద చూపించడానికి వీలుగా అమర్చి ఉంచారు. స్వీట్ పబ్లిషింగ్ వారు 1980లలో జిమ్ పాడ్జెట్ చేత గీయించిన వందలాది బైబిలు చిత్రాలను తర్వాత అందరూ వాడుకునేలా విడుదల చేశారు. అవి వికీమీడియా కామన్స్‌లో ఉన్నాయి. 2004లో మొదలైన ఆ కామన్స్‌లో నేడు 10 కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ఆవాల మొక్క, యెరూషలేము గోడలు, రోమా దేనారం... పాఠానికి ఏది కావాలన్నా అందులో ఉంటుంది. ఇక ప్రకృతి, పిల్లలు, ఇళ్లు, పొలాలు వంటి మామూలు ఫొటోలకు అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే ఉన్నాయి.

అయితే ఉచితం అన్నమాటకు ఇక్కడ ఒకే అర్థం లేదు. 2001లో అమెరికాలో పుట్టిన క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ, తన సృష్టిని పదిమందికి పంచాలనుకునేవారి కోసం కొన్ని షరతుల పత్రాలు తయారుచేసింది. ఒకరు 'నా పేరు చెప్పి వాడుకో' అంటారు. ఇంకొకరు 'వాడుకో గాని అమ్ముకోవద్దు' అంటారు. మరొకరు 'ఉన్నది ఉన్నట్టు వాడు, మార్చవద్దు' అంటారు. 'మార్చుకో, మార్చినదాన్ని నాలాగే ఇతరులకు పంచు' అనేవారూ ఉన్నారు. అన్ని హక్కులూ వదులుకుని ఇచ్చేసేవారు కొద్దిమంది. పాడ్జెట్ చిత్రాలు పేరు చెప్పి, అదే షరతుతో పంచవలసిన కోవలోనివి. మార్చవద్దన్న ఫొటోలో ప్రభువు పక్కన మన పాస్టరుగారిని అతికించి ఫ్లెక్సీ వేస్తే అది మాట తప్పడమే. ఈ షరతులు ప్రతి బొమ్మ కిందా రాసి ఉంటాయి. చదవడానికి అర నిమిషం చాలు. గూగుల్ ఏ బొమ్మకూ యజమాని కాదు, ఎక్కడుందో చూపించే వేలు మాత్రమే. అందులోనే బొమ్మల పైన టూల్స్ నొక్కి, యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే పంచుకోవడానికి ఇచ్చినవే కనిపిస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది టీచర్లు ఇబ్బంది పడుతున్నారు.

చర్చికి చట్టంలో మినహాయింపు ఉందని కొందరు సోదరులు నాతో వాదించారు. ఉంది, పాటలకు ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం నిజమైన మత కార్యక్రమంలో సాహిత్య, నాటక, సంగీత రచనలను ప్రదర్శించడం ఉల్లంఘన కాదు. అందుకే ఆదివారం కీర్తన పాడినందుకు ఎవరూ రుసుము అడగరు. ఆ మాటల్లో ఫొటోలు లేవు. 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా కథకు, కవితకు ఉన్నట్టే తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బోధన కోసం టీచరు నకలు తీసుకోవడానికి చట్టం కొంత వీలు ఇచ్చింది నిజమే. కాని తరగతి గదిలో నలభైమందికి చూపించడం వేరు, రోడ్డు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టడం వేరు. ఇంతకూ నా బాధ జరిమానా గురించి కాదు. ఫొటోగ్రాఫరు కూడా కూలికి అర్హుడైన పనివాడే. మన ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే అబ్బాయికి డబ్బు ఎగ్గొట్టిన విశ్వాసిని మనం మెచ్చుకుంటామా?

హక్కుల సంగతి అలా ఉంచి, ఆ ఫొటోలు పిల్లలకు ఏం చెబుతున్నాయో చూద్దాం. నాకు ఇదే ఎక్కువ ఇష్టమైన విషయం.

మన సండే స్కూలు బొమ్మల్లో గొర్రె అంటే తెల్లగా, దూదిమూటలా ఉంటుంది. మన డెల్టా పిల్లలకు ఆ జంతువు తెలియదు. దాళ్వా కోతలయ్యాక చేలల్లో మంద కట్టడానికి వచ్చే గొర్రెలు పొడుగు కాళ్లతో, పొట్టి వెంట్రుకలతో, గోధుమ రంగులో మేకల్లా ఉంటాయి. నెల్లూరు జాతి అలాగే ఉంటుంది, దానికి ఉన్ని ఉండదు. వాటి మధ్య మేకలూ తిరుగుతుంటాయి. దూరం నుండి చూస్తే ఏది గొర్రో ఏది మేకో పట్టుకోవడం కష్టం. తోక చూసి చెప్పాలి. మత్తయి 25వ అధ్యాయంలో కాపరి గొర్రెలను, మేకలను వేరుచేసే మాట మన పిల్లలకు అమెరికా పిల్లల కంటే బాగా అర్థం కావాలి. ఎందుకంటే కలిసి మేసే మందను వాళ్లు కళ్లారా చూశారు. కాని దూదిమూట పక్కన నల్లమేకను పెట్టిన బొమ్మ చూపిస్తే, ఇంత తేలికైన పనికి కాపరి ఎందుకు అనిపిస్తుంది. తెలియనివాడు కూడా వేరుచేయగలడు కదా!

విత్తువాని ఉపమానమూ అంతే. మన డెల్టాలో రాతినేల ఏది? తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక. ఇళ్ల పునాదికి రాయి లారీలో రావాలి. పైగా మనవాళ్లు చేనంతా నాట్లు వేస్తారు, విత్తనం చల్లడం పిల్లలు చూసేది ఎక్కువగా నారుమడిలోనే. ఇలాంటిచోట నిజమైన ఫొటో ఎంతో మేలు చేస్తుంది. యెరూషలేములో స్థిరపడిన అమెరికన్ కాలనీ అనే క్రైస్తవ సమాజంవారు 1898 నుండి దాదాపు యాభై ఏళ్లపాటు ఆ దేశమంతా తిరిగి ఫొటోలు తీశారు. ఎరిక్ మాట్సన్ అనే ఆయన 1966లో వాటిని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చారు. 20 వేలకు పైగా ఉన్న ఆ నెగటివ్‌లను నేడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ట్రాక్టర్లు, తారురోడ్లు నిండకముందు ఉన్న పాలస్తీనా అది. తిరుగలి విసిరే స్త్రీలు, కళ్లంలో నూర్పిళ్లు, బావి దగ్గర మందలు. 1915లో యెరూషలేము మీద మిడతల దండు పడింది. ఆకులతో నిండుగా ఉన్న ఒక అంజూరపు చెట్టును, మిడతలు వచ్చిపోయాక మోడుగా మిగిలిన అదే చెట్టును వారు ఫొటోలు తీశారు. యోవేలు గ్రంథం మొదటి అధ్యాయం చదివి ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించండి, పిల్లలు గుక్క తిప్పుకోకుండా చూస్తారు. నేను చూపించాను. ఒక పిల్లవాడు, "మా కొబ్బరికి తెల్లదోమ పట్టినప్పుడు కూడా ఇలాగే అయిందండి" అన్నాడు. ఆ పాఠం అక్కడి నుండి వాడే చెప్పాడు.

ఇంకొకటి, గలిలయ పడవ. 1986లో వానల్లేక గలిలయ సరస్సు నీరు బాగా దిగిపోయినప్పుడు గిన్నోసర్ దగ్గర బురదలో ఇద్దరు అన్నదమ్ములకు పాత పడవ కనిపించింది. (అదే ఏడాది ఆగస్టులో మనకు గోదావరి ఎంత వచ్చిందో పెద్దవాళ్లకు గుర్తే.) శాస్త్రజ్ఞులు పరీక్షించి అది సుమారు ప్రభువు కాలం నాటిదని తేల్చారు. పొడవు 8 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.3 మీటర్లు. ఆయన ఎక్కిన పడవ అదేనని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కాని అలాంటిదే. తుపానులో దోనె అమరమున ఆయన నిద్రపోయిన సంగతి చెప్పేటప్పుడు, క్యాలెండరు మీది తెరచాప ఓడకు బదులు ఈ పడవ ఫొటో చూపిస్తే, నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిన పిల్లలకు ఆ భయం వెంటనే తెలుస్తుంది. గలిలయ 'సముద్రం' మొత్తం పొడవు 21 కిలోమీటర్లే, వెడల్పు 13. ఆ కొలతలు చెబితే మావాళ్లు ఆశ్చర్యపోయారు. "అయితే పెద్ద గోదారే కదండీ" అన్నారు.

మన దేశపు ముఖాలతో బైబిలును చూపించినవారు లేకపోలేదు. లూథరన్ పాదిరి, చిత్రకారుడు డా. పి. సాల్మన్ రాజ్ విజయవాడలో కళాశ్రమం నడిపి, బాతిక్‌లో, చెక్క అచ్చుల్లో ప్రభువును మన పేదల మధ్య నిలబెట్టారు. బయటి దేశాల సెమినరీల్లో ఆయన గురించి చదువుతారు. మన సండే స్కూళ్లలో ఆయన బొమ్మ నాకు కనిపించలేదు. అయితే అవి ఉచిత బొమ్మలు కావు, వాడుకోదలచినవారు హక్కుదారులను అడగాలి. అడగడం చిన్నతనం కాదు.

ఇప్పుడు బాధ కలిగించే మాట. పిల్లలు ఫొటోను నమ్మినంతగా బొమ్మను నమ్మరు. బొమ్మ అంటే ఎవరో గీశారని తెలుసు, ఫొటో అంటే నిజంగా ఉందని అర్థం. కొన్నేళ్ల క్రితం రాక్షసుని అస్థిపంజరం ఫొటో ఒకటి మన సంఘాల్లో విపరీతంగా తిరిగింది. గుంటలో ఏనుగంత మనిషి ఎముకలు, పక్కన చీమల్లా మనుషులు. ఆదికాండము 6వ అధ్యాయంలోని నెఫీలులకు ఇదే రుజువని, గొల్యాతు వంశంవాడని ప్రసంగాల్లో చూపించారు. అసలు సంగతి ఏమిటంటే, 2002లో ఒక ఇంటర్నెట్ పోటీ కోసం కంప్యూటరులో తయారుచేసిన బొమ్మ అది. న్యూయార్క్ రాష్ట్రంలో మాస్టడాన్ అనే పురాతన జంతువు ఎముకల కోసం జరిపిన తవ్వకం ఫొటోలో మనిషి అస్థిపంజరాన్ని అతికించారు. 2007లో నేషనల్ జియోగ్రాఫిక్ ఈ సంగతి బయటపెట్టింది. ఉత్తర భారత ఎడారిలో దొరికిందని కూడా మన దేశంలో ప్రచారం జరిగింది. మా సంఘంలో సండే స్కూలు చదివి ఇంజనీరింగుకు వెళ్లిన కుర్రాడు ఒకరోజు వచ్చి నన్ను అడిగాడు: "అయ్యగారూ, ఆ ఎముకల ఫొటో అబద్ధమని హాస్టల్లో చూపించారు. మరి యెరికో గోడల సంగతి కూడా అలాంటిదేనా?" ఆ ఫొటో చూపించింది నేను కాదు, మా సంఘానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు. కాని నేను ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అన్నాను. యెరికో గురించి ఆ అబ్బాయితో మాట్లాడటానికి నాకు రెండు గంటలు పట్టింది. ఆమెన్ అన్నందుకు క్షమించమని అడగడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

ఈనాడు అలాంటి బొమ్మ చేయడానికి పోటీలు, నైపుణ్యం అక్కర్లేదు. కృత్రిమ మేధతో ఫోన్‌లో ఒక వాక్యం కొడితే ఎర్రసముద్రం చీలిన 'ఫొటో' వస్తుంది. కొన్నిటిలో పేతురుకు ఆరు వేళ్లు కూడా ఉంటాయి! గీసిన బొమ్మలా ఉంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఫొటోలా ఉన్నప్పుడు మాత్రం, ఇది కంప్యూటరు ఊహించి చేసిందని పిల్లలకు ఆ క్షణమే చెప్పాలి.

ఇంతవరకు ఎవరో తీసిన ఫొటోల గురించి. మరి మనం తీసి ఇంటర్నెట్‌లో పెట్టే ఫొటోల సంగతి?

2007లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక సంఘం యవనస్థులు కార్లు కడిగే కార్యక్రమం పెట్టుకున్నారు. వారి కౌన్సెలర్ ఒకాయన అక్కడ నవ్వుతున్న ఒక బాలిక ఫొటో తీసి, ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైటులో పెట్టారు. 'పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు' అన్న క్రియేటివ్ కామన్స్ షరతుతోనే పెట్టారు. మంచి మనసుతో చేసిన పని. కొద్ది నెలల్లో ఆ అమ్మాయి ముఖం ఆస్ట్రేలియాలో బస్టాపు మీద ప్రత్యక్షమైంది. వర్జిన్ మొబైల్ అనే ఫోన్ కంపెనీ తన ప్రకటనలో దాన్ని వాడుకుంది. కలం స్నేహితురాలిని వదిలెయ్యమని ఎగతాళిగా ఒక నినాదం, కింద ఆ పిల్ల నవ్వు. కుటుంబం కోర్టుకు వెళ్లింది. ఆస్ట్రేలియా కంపెనీ మీద టెక్సస్‌లో విచారించే అధికారం లేదని 2009లో ఆ కేసు కొట్టేశారు. ఫొటో తీసినవాని హక్కు ఒకటి, ఫొటోలో ఉన్నవాని గౌరవం ఇంకొకటి. మొదటిది ఉచితంగా ఇచ్చేశామంటే రెండోది కూడా ఇచ్చేసినట్టు కాదు. అన్‌స్ప్లాష్ వంటి చోట్ల దొరికే ముఖాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎయిడ్స్ గురించో, తాగుడు గురించో, తప్పిపోయిన కుమారుని గురించో చేసే ఫ్లెక్సీలో ఎవరో తెలియని ఒక మనిషి ముఖం పెడుతున్నాం. ఆ మనిషికి ఒక ఊరు, ఒక తల్లి ఉంటారు.

ఇది అమెరికా కథ అని పక్కన పెట్టలేను. నా సేవలోనే జరిగింది. నేను కోనసీమలో ఒక లంక దగ్గరి సంఘంలో ఉన్న రోజుల్లో బయటి నుండి అతిథులు వచ్చారు. వి.బి.ఎస్. పిల్లలను చెట్టు కింద వరుసగా నిలబెట్టింది నేనే. కొత్త గౌన్లు వేసుకొచ్చిన పిల్లలను వెనక్కి, మాసిన బట్టలవాళ్లను ముందుకు జరిపిందీ నేనే. ఎవరూ అలా చేయమనలేదు, వారికి ఏది నచ్చుతుందో నాకు తెలుసనుకున్నాను. రెండేళ్లు గడిచాయి. ముందు వరుసలో నిలబడ్డ ఒక పాప తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మన వైపు నుండి గల్ఫ్ దేశాలకు ఎంతమంది తల్లులు అలా వెళ్లారో మీకు తెలుసు. అక్కడి ప్రార్థన కూడికలో ఎవరో ఫోన్‌లో ఒక వెబ్‌సైటు చూపించారట. తన కూతురి ఫొటో, దాని కింద 'తల్లిదండ్రులు లేని పాప, సహాయం చేయండి' అని. ఆమె ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసింది. తెల్లారేసరికి తండ్రి మా గుమ్మంలో ఉన్నాడు. అరవలేదు. "అయ్యగారండి, నేను బతికే ఉన్నాను గదండీ. దాని తల్లి అక్కడ పరాయి దేశంలో గిన్నెలు కడిగి దీనికి ఫీజు కడతందండి. మరి అనాథని ఎలా రాశారండి?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. నాలుగు నెలలకు ఆ ఫొటో తీశారు. అప్పటికే అది ఇంకెన్ని చోట్లకు పోయిందో ఎవరికి తెలుసు? ఆ పాప పెద్దదైంది. ఫొటో తీస్తామంటే ఇప్పటికీ పక్కకు తప్పుకుంటుంది.

చట్టాలు వచ్చాయి. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోను గానీ, గుర్తుపట్టే వివరాలను గానీ ప్రచురించకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. హాస్టళ్లు, బాలల గృహాలు నడిపే సంఘాలు దీన్ని గోడకు అతికించుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం, అదీ నిర్ధారించుకోదగిన అంగీకారం ఉండాలంటోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. ఆ అంకె చూసి ఒక సంఘ పెద్ద, "అయితే ఫొటోలే మానేద్దాం" అన్నారు. భయంతో మానేయడం తేలికే. ఆ తండ్రి మా గుమ్మంలో నిలబడ్డప్పుడు మాత్రం ఈ చట్టాలేవీ గుర్తుకు రాలేదు నాకు, లేఖనమే గుర్తుకొచ్చింది.

పన్ను గురించి చిక్కు ప్రశ్న వేసినవారితో ప్రభువు ఒక దేనారం తెప్పించుకుని, దాని మీద ఉన్న రూపం ఎవరిదని అడిగాడు (మత్తయి 22:20). గ్రీకులో అక్కడ 'ఐకోన్' అనే మాట వాడారు. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు నరుని తన స్వరూపంలో సృష్టించాడని చెప్పే చోట, పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఉన్నదీ ఆ మాటే. కైసరు రూపం ఉన్న నాణెం కైసరుది. మరి ఆ పాప ముఖం మీద ఉన్న రూపం ఎవరిది? నేను దాన్ని ఎవరికి చెల్లించాను? సెమినరీలో ఈ పద పరిశోధన పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం మాత్రం ఒక కూలివాడు నేర్పాడు. మార్కు 10వ అధ్యాయంలో పిల్లలను తీసుకువచ్చినవారు ఆయన ముట్టాలని తీసుకువచ్చారు, చూపించుకోవడానికి కాదు. ఆయన వారిని ఎత్తుకుని ఆశీర్వదించాడు. వారిలో ఒక్కరి పేరు గానీ, ఊరు గానీ సువార్తికుడు రాయలేదు.

ఈ మధ్య మా సంఘంలో ఒక పద్ధతి మొదలుపెట్టాం. సండే స్కూలుకు ఒక నోటుపుస్తకం. ఏ పాఠానికి ఏ ఫొటో వాడాం, ఎక్కడిది, తీసినవారు ఎవరు, షరతు ఏమిటి అని టీచర్లు ఒక్క వరుస రాస్తారు. అదే పుస్తకం వెనకవైపు నుండి పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు. ఫొటో తీయవచ్చా, తీస్తే చర్చి గోడ మీదికేనా, వాట్సాప్‌లోకి కూడానా, ఇంటర్నెట్‌కా అని వేరువేరుగా అడుగుతాం. పోయిన వేసవిలో 41 మంది పిల్లల్లో ఆరుగురి ఇళ్లలో వద్దన్నారు. కారణం అడగలేదు. టీచరమ్మలకు ఒక సందేహం వచ్చింది. గ్రూపు ఫొటో తీసేటప్పుడు ఆ ఆరుగురినీ పక్కకు పంపితే చిన్నబుచ్చుకోరా అని. అప్పుడు మా యూత్‌లో ఒకమ్మాయి, ఆ ఆరుగురికీ కెమెరా ఇద్దాం అంది. తీసేవాళ్లు ఫొటోలో ఉండరు కదా!

ఇచ్చాం. వారం రోజులు వాళ్లు కాలవ గట్టు వెంబడి తిరిగారు. విసురు వల ఆరబెట్టిన గెడలు, నారుమడి, తిరగేసి తారు పూస్తున్న నావ, పాత తిరుగలి తీశారు. తిరుగలి తీసేముందు ఆ ఇంటి మామ్మగారిని అడిగి, ఆవిడ ఒప్పుకున్నట్టు పుస్తకంలో వేలిముద్ర కూడా వేయించుకొచ్చారు. ఆ ఫొటోలు ఇప్పుడు మాకు పాఠాలకు పనికొస్తున్నాయి. అడిగిన ఇతర సంఘాలకు కూడా ఇస్తున్నాం, తీసిన పిల్లల పేర్లు లేకుండా, మా సండే స్కూలు పేరుతో. వాటిలో ఒకటి చేలో కట్టిన మందది, సాయంత్రం పూట తీసింది. మత్తయి 25 పాఠం రోజున దాన్ని ప్రొజెక్టరు మీద పెట్టి, మేకలు ఎన్నో లెక్కపెట్టమన్నాం. ఒకరు ఏడన్నారు, ఒకరు తొమ్మిదన్నారు. తోకలు చూడాలంటూ తెర దగ్గరకు పరుగెత్తారు. ఆ వాదన ఇంకా తేలలేదు. కాపరి మళ్లీ దాళ్వా కోతలకు వచ్చినప్పుడు అడుగుదామని ఆపి ఉంచాం.